పిన్ను కొట్టిన గోడ

రత్నాలు మనసులో ఒక అనుమానం ఏళ్ల తరబడి నానుతూనే ఉంది. ఈర్ష్యతో మండుతున్న మనిషి వెలిగించిన దీపం దేవుడి దాకా వెళ్తుందా, గడప దగ్గరే ఆగిపోతుందా? చోడవరంలో పుట్టింటికి వెళ్లినప్పుడు పురాణం చెప్పే పంతులుగారిని ఒకసారి అడిగింది కూడా. ఆయన పొడుం డబ్బాకి మూత పెడుతూ, "నీకు ఈర్ష్య ఎవరి మీదమ్మా?" అని ఎదురు అడిగాడు. రత్నాలు సిగ్గుపడిపోయి, "ఊరికే తెలుసుకుందామని అడిగానండి" అంది. ఆ ప్రశ్న అలా జవాబు లేకుండానే ఆమెతోపాటు ఘాటు రోడ్డెక్కి మళ్లీ అరకు వచ్చేసింది.

ఎవరి మీద అంటే చెప్పడానికి అప్పట్లో ఒక పేరంటూ లేదు. ఇప్పుడుంది. రమణి.

రోజూ స్నానం చేసి, వంటింటి అలమరలో పెట్టుకున్న దేవుడి పటాల ముందు దీపం వెలిగించి, రత్నాలు కళ్లు మూసుకుంటుంది. కళ్లు తెరిస్తే పక్కనే కిటికీ. కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అవతల రమణి ఇల్లు. మొన్నటిదాకా రెండు గదుల రేకుల ఇల్లే. ఇప్పుడు దాని పక్కనే టూరిస్టులకి అద్దెకివ్వడానికి మరో రెండు గదులు లేస్తున్నాయి. రమణి మొగుడు ఫల్గుణకి కొండమీద కాఫీ తోట ఉంది, బొర్రా గుహలకి జనాన్ని తిప్పే జీపుంది. గదులు కట్టడం తప్పు కాదు. కట్టుకోనీ. కానీ ఆ గదులు రత్నాలు మనసులో ఉన్నట్టే లేస్తున్నాయి. అదీ బాధ.

మనసులో అంటే ఉత్త మనసులోనే కాదు, ఫోనులో కూడా. మూడేళ్ల కిందట కూతురు గాయత్రి ఆమెకి బొమ్మలు దాచుకునే యాప్ ఒకటి చూపించింది. ఎక్కడెక్కడి ఇళ్లో, వంటిళ్లో, పెరళ్లో అందులో కనిపిస్తాయి. నచ్చిన బొమ్మ మీద నొక్కితే మన బోర్డులోకి వచ్చి కూర్చుంటుంది. దాన్ని పిన్ను కొట్టడం అంటారని గాయత్రి చెప్పింది. ఆ మాట రత్నాలుకి భలే నచ్చింది. చీరకి పిన్ను పెట్టుకున్నంత భద్రంగా అనిపించింది. వంటిల్లు, వరండా, దేవుడి గది, పెరడు అని నాలుగు బోర్డులు చేసుకుంది. పదో తరగతి చదువే అయినా పద్ధతి గల మనిషి. ప్రతి బొమ్మ కింద ఒక మాట రాసేది. "ఈ అరలు మన గిన్నెలకి సరిపోవు, లోతు పెంచాలి." "ఇది వాన జల్లు కొట్టని వైపు పెట్టాలి." ఇలాగ. అన్నీ కలిపి నాలుగు వందల పన్నెండు బొమ్మలయ్యాయి.

"మా ఆవిడ మేడ కట్టేసింది, సిమెంటు ముట్టుకోకుండానే" అని భర్త సూర్యనారాయణ పోస్టాఫీసులో అందరికీ చెప్పేవాడు.

"మీరు ఇటుకలు తెస్తే నేను ఫోను పక్కన పెడతాను" అనేది రత్నాలు.

ఆయన చివరికి ఇటుకలు తెచ్చాడు. వరండా పక్కన చిన్న దేవుడి గది లేచింది. ఇటుక గోడలు, పైన స్లాబు అయ్యాయి. పూత మాత్రం రత్నాలే ఆపించింది. సిమెంటు పూత వద్దంది. దేవుడి గది బోర్డులో అన్నిటికన్నా పైన ఒక బొమ్మ ఉంది. ఎర్రమట్టితో నున్నగా అలికిన గోడ, కింద జానెడు మేర నల్లని పట్టీ, వేలితో గీసిన తెల్లని గీతలు, మధ్యలో దీపాలు పెట్టుకోవడానికి ఏడు చిన్న చిన్న గూళ్లు. ఆ బొమ్మని ఎప్పుడు పిన్ను కొట్టిందో ఆమెకి గుర్తు లేదు. ఒక శుక్రవారం పూజ ముగించి ఫోను తెరిస్తే బోర్డులో ఉంది, అంతే. రాజస్థానో, ఆఫ్రికానో, ఎక్కడిదో తెలీదు. అమ్మవారే పంపిందనుకుని కళ్లకద్దుకుంది. తన దేవుడి గది గోడ అలాగే ఉండాలి. వానలు మొదలయ్యేలోపు మట్టి ఆరాలి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ఆ గూళ్ల ముందే చేసుకోవాలి.

ఈలోపు ఎదురింట్లో వింతలు మొదలయ్యాయి.

మొదట వెదురు బొంగులు అడ్డంగా కోసి, వాటిలో మొక్కలు పెట్టి, రమణి తన వసారాకి వేలాడదీసింది. రత్నాలు వరండా బోర్డులో అచ్చం అదే బొమ్మ ఉంది. పోనీలే, వెదురు కొండల్లో ఎవరికి దొరకదు అనుకుంది. తరవాత కిటికీలకి నీలం రంగు వేయించింది. అదీ బోర్డులో ఉంది. ఆ తరవాత పాత నిచ్చెనని గోడకి అడ్డంగా కొట్టి గిన్నెలు బోర్లించే అర చేసింది. ఆ నిచ్చెన చూసిన రోజు రత్నాలు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

"కరివేపాకు కోసమని వస్తుంది కదా, అప్పుడు నా ఫోను చూసేస్తున్నాది" అంది గాయత్రితో.

"నీ ఫోనుకి లాకుందమ్మా."

"లాకు నువ్వు పెట్టిందే కదా. నీ పుట్టిన తేదీ. ఆ తేదీ రమణికి తెలీదేటి? నువ్వు పుట్టిన రోజు నా పక్కనే ఉంది."

గాయత్రి పుస్తకంలోంచి తలెత్తలేదు. ఇంటర్ రెండో సంవత్సరం గుంటకి అమ్మ గొడవలు వినే తీరిక ఎక్కడిది?

రత్నాలు తనే ఒక ఉపాయం పన్నింది. ఎవరికీ నచ్చని బొమ్మ ఒకటి వెతికింది. గులాబీ రంగు బాత్రూము, గోడల నిండా బంగారు నెమళ్లు, పైకప్పుకి అద్దాలు. దాన్ని పిన్ను కొట్టి, కింద "చాలా బాగుంది, తప్పకుండా చేయించాలి" అని రాసింది. దొంగ అయితే ఈ నెమళ్లు కూడా ఎత్తుకుపోతుంది కదా. రమణి బాత్రూములో నెమళ్లు వాలిన రోజున ఊరంతా చూస్తుంది.

నాలుగు రోజులయ్యాక ఫోను తెరిచి చూస్తే ఆ బొమ్మ లేదు. బోర్డంతా వెతికింది. లేదు. తను తీసేయలేదు. గాయత్రి తీసేయలేదు. మోసం చేద్దామని పెట్టిన బొమ్మని అమ్మవారే తీసేసిందా? ఆ సాయంత్రం లలితా సహస్రనామం చదువుతూ మూడుచోట్ల తడబడింది. అయినా కళ్లు తెరిచేసరికి కిటికీ అవతల నీలం రంగే కనిపించింది. లోపలి మంట చల్లారలేదు. దేవత మందలించాక కూడా ఈర్ష్య తగ్గకపోతే, అది మనిషి తప్పా, దేవత తప్పా? ఇలాంటివి పైకి అడిగే ప్రశ్నలు కావు కాబట్టి గాయత్రీ మంత్రం పదకొండుసార్లు చెప్పుకుని ఊరుకుంది.

మే నెల సగం దాటింది. మధ్యాహ్నాలు కొండల మీద మబ్బులు కడుతున్నాయి. మట్టి గోడ చేయగల చెయ్యి ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. అది సోములమ్మ చెయ్యి. డుంబ్రిగుడ అవతల కొండపల్లెలో ఉంటుంది. రమణికి తల్లి. ఆమె మోకాళ్లు అరిగిపోయాయి, ఈ ఏడు ఒక్క గోడకే ఒప్పుకుంటుందని జనం అనుకుంటున్నారు. ఆ గోడ కూతురిదే అవుతుందని కూడా అనుకుంటున్నారు. కూతురు అడిగే లోపే తను అడగాలని రత్నాలు సంత రోజు పొద్దున్నే ఆటో ఎక్కింది.

సంతలో సోములమ్మ పసుపు కొమ్ములు, చింతపండు కుప్పపోసి కూచుంది. ముక్కుకి రెండు వైపులా ముక్కుపోగులు, నోట్లో నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్ట. రత్నాలుని చూసి చుట్ట తీసింది.

"ఓలమ్మ! రత్నాలమ్మా! ఎండలో ఇంత దూరమొచ్చినావేటి? పసుపు కావాలంటే రమణి సేత పంపుదును కదా."

"పసుపు కాదు పిన్నీ. నీతో పనుంది." రత్నాలు గోనె పట్టా మీద పక్కనే కూచుంది. "నా దేవుడి గదికి మట్టి గోడ సెయ్యాలి. బేగి సెయ్యాలి. వానలకి ముందే."

"నా మోకాళ్లు సూడు, పనస కాయల్లాగున్నాయి."

"ఎలాంటి గోడో సూడు ముందు. నువ్వు తప్ప ఇంకెవరూ సెయ్యలేరు." రత్నాలు ఫోను తీసి, ఆ బొమ్మ పెద్దది చేసి ముసలామె కళ్ల ముందు పెట్టింది. "ఇదెక్కడో పరాయి దేశంలోది. ఇలాంటిది మన అరకులో ఎవరింట్లోనూ ఉండకూడదు. నా ఇంట్లోనే ఉండాలి."

సోములమ్మ ఫోనుని దూరం పెట్టి చూసింది, దగ్గరికి తెచ్చి చూసింది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చినా నవ్వు ఆగలేదు.

"పరాయి దేశమేటి? ఇది నా ఇల్లే కదేటి!"

"నీ ఇల్లా?"

"ఆ మూల సూడు. బుట్ట కనిపిస్తంది కదా, నా కోళ్ల బుట్ట. ఈ పక్కన నల్లగా ఉన్నదేటి? నా కాలు. పగిలిన మడమ నాది కాకపోతే ఇంకెవరిది? రమణి ముందటేడు పండక్కొచ్చి, అమ్మా గోడ బాగుంది, పక్కకి తొలుగు, ఫోటో తీత్తాను అన్నాది. నాను తొలిగినాను, కాలు తొలగలేదు."

పక్కన చింతపండు అమ్ముకునే ఆడవాళ్లు కూడా వంగి చూసి నవ్వారు. రత్నాలు ఫోను తన ముందుకు లాక్కుని చూసింది. రెండేళ్లుగా కళ్లకద్దుకుంటున్న బొమ్మలో నిజంగానే ఒక మడమ ఉంది. దాన్ని ఆమె ఏదో రాయి అనుకుంది.

"అది నా ఫోనులోకి ఎలాగొచ్చింది?" అంది, ఎవరినీ కాకుండా.

"నాకేటి తెలుసు? ఫోనులు మీవి." సోములమ్మ నవ్వు ఆపి, చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది. "గోడ సెయ్యమంటావు. సేత్తాను, ఎందుకు సెయ్యను? ముందు నా రోజు నాకియ్యి."

రత్నాలుకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి మొహం వేడెక్కింది.

పదిహేడేళ్ల కిందట, గాయత్రి కడుపులో ఏడో నెలగా ఉండగా, వాళ్లు అద్దెకున్న పెంకుటింటి వెనక గోడ వానకి కూలిపోయింది. సూర్యనారాయణ క్యాంపుకెళ్లాడు. సోములమ్మ, అప్పటికింకా పెళ్లి కాని రమణి వచ్చి, ఒక రోజంతా మట్టి తొక్కి గోడ నిలబెట్టి వెళ్లారు. కూలి ఇవ్వబోతే సోములమ్మ తీసుకోలేదు. కొండ మీద ఇంటి పనికి కూలి తీసుకోరు. పనికి పనే బదులు. "మా ఇంట్లో గోడ పెట్టిన రోజు నువ్వొకరోజు రావాలి" అంది. "తప్పకుండా" అంది రత్నాలు.

తరవాత రెండుసార్లు కబురొచ్చింది. మొదటిసారి పిల్ల చిన్నదంది. రెండోసారి మడిలో ఉన్నానంది. రెండుసార్లూ లడ్డూలు పంపింది.

"లడ్డూలు పంపినాను కదా పిన్నీ" అంది ఇప్పుడు, చిన్న గొంతుతో.

"తిన్నాం. బాగున్నాయి. నువ్వు పాత ఫోనిచ్చినావు, దానికి మా రమణి రెండు కుంచాలు మిరియాలిచ్చినాది. అది తీరిపోనాది. రోజు మాత్రం అలాగే ఉంది." సోములమ్మ గొంతులో కోపమేమీ లేదు. బియ్యంలో రాళ్లున్నాయి అన్నంత మామూలుగా అంది. "ఎల్లుండి రమణి గదికి గోడ పెడతన్నాను. వచ్చి నా రోజు ఇచ్చెయ్యి. అప్పుడు నీ గోడ మాట అడుగు."

రమణి గోడకి! రత్నాలు కొంగు విదిల్చుకుని లేచింది. "నాను మట్టి తొక్కి దాని ఇల్లు కట్టాలా? బాగుంది పిన్నీ నీ న్యాయం" అని ఆటోల వైపు నడిచింది. వెనకనుంచి సోములమ్మ, "పసుపు పట్టుకెళ్లు, ఊరికే!" అని అరుస్తూనే ఉంది.

ఇంటికి రాగానే ఫోను గాయత్రి ముందు పడేసింది. "చదువు తరవాత. రమణి తీసిన ఫోటో నా బోర్డులో ఎందుకుందో సూడు."

గాయత్రి రెండు నిమిషాలు నొక్కింది. మొహంలో ఏదో వెలిగింది. పెదవి కొరుక్కుంది.

"అమ్మా, నీ ఖాతా రెండు ఫోన్లలో ఉంది. ఒకటి ఇది. ఇంకొకటి నీ పాత ఫోను."

"పాత ఫోను రమణికిచ్చేశాను కదా."

"ఇచ్చేటప్పుడు అంతా చెరిపేసి ఇద్దాం అన్నాను. నువ్వేమన్నావు?"

రత్నాలు గుర్తు చేసుకుంది. ఆ ఫోనులో అమ్మవారి బొమ్మలున్నాయి, విష్ణు సహస్రనామం ఉంది, సింహాద్రి అప్పన్న నిజరూపం ఉంది. దేవుళ్లని చెరుపుతావా, కళ్లు పోతాయే అని కూతురి చేతిలోంచి ఫోను లాక్కుంది. ఉన్నదున్నట్టు, పసుపు కుంకుమ పెట్టి మరీ, రమణి చేతిలో పెట్టింది.

"నువ్వు పిన్ను కొట్టినవి ఆవిడకి కనిపిస్తాయి. ఆవిడ కొట్టినవి నీకు కనిపిస్తాయి. ఒకటే బోర్డు. ఇద్దరికీ." గాయత్రి నవ్వు ఆపుకుంటోంది. "ఆ నెమళ్ల బాత్రూము ఆవిడే తీసేసుంటుంది."

అమ్మవారు కాదన్నమాట. రత్నాలు కుర్చీలో కూలబడింది.

"ఏది నాదో, ఏది దానిదో ఎలా తెలుస్తుంది?"

"నువ్వు ప్రతి బొమ్మ కిందా రాస్తావు కదా. ఏమీ రాయనివి ఆవిడవి."

తల్లీ కూతుళ్లు కూచుని లెక్కపెట్టారు. ఏమీ రాయనివి నూట అరవై మూడు. వెదురు మొక్కల కింద ఏమీ లేదు. నీలం కిటికీల కింద ఏమీ లేదు. నిచ్చెన అర కింద ఏమీ లేదు. రాయడం మరిచిపోయాననుకుంది ఇన్నాళ్లూ. తనకి అన్నిటికన్నా బాగా నచ్చినవన్నీ, తన అభిరుచి అని గర్వపడి మొగుడికి చూపించినవన్నీ, రమణి ఏరిపెట్టినవి. దొంగ అనుకున్నదాని సొమ్ముని తనే రెండేళ్లు తనదనుకుని మురిసిపోయింది. నిజం తెలిశాక ఈర్ష్య పోవాలి కదా? పోలేదు. ఇంకా లోతుగా దిగింది. ఇళ్లు కట్టే చెయ్యే కాదు, చూసే కన్ను కూడా రమణిదే బాగుందా?

"తీసెయ్యనా?" అంది గాయత్రి. "ఇదిగో, ఇక్కడ ఒక్కసారి నొక్కితే ఆ ఫోనులోంచి మన ఖాతా పోతుంది. ఇంక ఆవిడకేమీ కనపడదు."

"బొమ్మలు?"

"అన్నీ నీ దగ్గరే ఉంటాయి."

"అన్నీనా? అది పెట్టినవి కూడానా?"

"అన్నీ."

రత్నాలు ఫోను చేతిలోకి తీసుకుంది. వేలు ఆ గుర్తు మీద పెట్టబోయింది. నొక్కితే గోడ తనది. గూళ్లు తనవి. మడమ ఉన్నంత మేర కత్తిరించేస్తే ఎక్కడిదో ఎవరికీ తెలీదు. "నేను చూసుకుంటాలే, నువ్వు చదువుకో" అంది.

సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి, "అక్కా! ఉన్నావేటి?" అని రమణి గొంతు.

రమణి రాచ ఉసిరి కాయల గిన్నెతో లోపలికొచ్చింది. ముప్పై అయిదేళ్లు దాటినా ఇంకా ఆడపిల్లలాగే గబగబా నడుస్తుంది. చేతులకి సున్నం అంటుకుని ఉంది.

"అమ్మ ఫోను సేసింది. సంతలో కలిసినారట. నా ఫోటో సూపించినారట." మొహమంతా నవ్వుగా ఉంది. "అది నచ్చిందా అక్కా? నచ్చుతాదో లేదో అని భయపడతా పెట్టినాను."

"నా కోసం పెట్టావా?"

"మరేటి? మీరు నా కోసం అన్ని పెట్టలేదేటి?" రమణి గడప దగ్గరే కూచుంది. "ఫోనిచ్చిన కాణ్నుంచి రోజూ సూత్తన్నాను. అక్క ఈ వేళ ఏటి పంపినాదో అని. కింద రాసినవి కూడా సదువుతాను. వాన జల్లు కొట్టని వైపు పెట్టాలి అని రాసినారు కదా, నా పొయ్యి ఆ పక్కకే పెట్టించినాను. మేస్త్రీ వద్దన్నాడు. మా అక్క సెప్పింది, నువ్వూరుకో అన్నాను. మొన్న ఈదురు గాలికి అందరిళ్లల్లో పొయ్యిలు తడిసినాయి. నాది తడవలేదు."

ఏడాది కిందట ఒకసారి రమణి, "మీరు పంపే బొమ్మలు బాగుంటాయక్కా" అన్న సంగతి రత్నాలుకి గుర్తొచ్చింది. వాట్సాప్‌లో పొద్దున్నే పంపే దేవుడి బొమ్మల గురించి అనుకుని, "రోజూ చూడు, పుణ్యం" అని చెప్పింది అప్పుడు.

"ఒక్కటే నచ్చలేదక్కా, ఏటనుకోకండి" అంది రమణి గొంతు తగ్గించి. "ఆ నెమళ్ల బాత్రూము. తప్పకుండా సేయించాలి అని రాసినారు. రెండు రోజులు ఆలోసించినాను. మా ఆయనకి సూపిత్తే, అందులోకెళ్తే నీళ్లు పోసుకోడానికి కూడా సిగ్గేత్తాది అన్నాడు. తీసేసినాను. కోపమొచ్చిందా?"

లోపలి గదిలో గాయత్రి పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"లేదు" అంది రత్నాలు. ఒక చేత్తో ఉసిరి కాయల గిన్నె అందుకుంది.

రమణి వెళ్లిపోయాక ఫోను ఇంకా చేతిలోనే ఉంది. తెర నల్లబడిపోయి, అందులో తన మొహం కనిపించింది. మళ్లీ వెలిగించి, ఆ గుర్తు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, ఫోను బియ్యం డబ్బా మీద పెట్టేసింది. అది మంచితనమో, పిరికితనమో ఆమెకే తెలీదు.

సోములమ్మ చెప్పిన రోజు పొద్దున్న రత్నాలు దీపం పెట్టి, వెలిసిపోయిన నేత చీర కట్టి, కొంగు నడుముకి బిగించింది.

"ఏటీ వేషం?" అన్నాడు సూర్యనారాయణ కాఫీ గ్లాసు పట్టుకుని. "మన గోడకి సోములమ్మ ఒప్పుకుందా?"

"మన గోడకి కాదు. ఎదురింటి గోడకి."

"మబ్బులు చూశావా? ఇవాళ ఆవిడ అక్కడ చేస్తే, ఇంక మన గదికి మట్టి ఆరే రోజులు లేవు. కార్తీకం దాకా ఇటుకలే."

"తెలుసు."

"మరి వ్రతం?"

"ఇటుకల ముందు చేస్తాను. ఇటుకా మట్టే కదండీ."

రమణి కొత్త గది ముందు గుంట తీసి, ఎర్రమట్టి, పేడ, కోసిన గడ్డి కలిపి నీళ్లు పోసి ఉంచారు. సోములమ్మ చెట్టు మొద్దు మీద కూచుని ఉంది. రత్నాలుని చూసి రమ్మనలేదు, ఆశ్చర్యపోలేదు. "సెప్పులక్కడిడిసెయ్యి" అంది, అంతే. రమణి మాత్రం కంగారు పడింది. "అక్కా, మీరెందుకు! మీకు మడి..."

"మాటాడకుండా జరుగు" అని రత్నాలు గుంటలోకి దిగింది.

మట్టి చల్లగా వేళ్ల మధ్యలోంచి పైకి వచ్చింది. రమణీ తనూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని తొక్కారు. పావుగంటకే రత్నాలు పిక్కలు పట్టేశాయి. ఫోనులో గోడలకి ఇలా పిక్కలు పట్టవు. ముద్దలు మోసింది, గోడకి కొట్టింది, కొట్టినది సగం జారి కాళ్ల మీదే పడింది. సోములమ్మ మొద్దు మీద నుంచే తిట్టింది. "అప్పడాలొత్తుతన్నావేటి? అరిచెయ్యి ఆనించి రుద్దు! ఆ గూడు సూడు, గూడులా ఉందా, ఎలక కన్నంలా ఉందా?"

"మా దీపాలు చిన్నవి పిన్నీ" అంది రత్నాలు. పనికొచ్చిన చుట్టుపక్కల ఆడవాళ్లు గొల్లుమన్నారు.

మధ్యాహ్నం గంజి తాగి మళ్లీ గుంటలోకి దిగినప్పుడు, రమణి భుజం మీద చెయ్యి వేసి, రత్నాలు నేల వైపు చూస్తూ అంది. "రమణీ. ఆ నెమళ్ల బాత్రూము నీ కోసం పెట్టింది కాదు. నువ్వు నా ఫోను చూసి కాపీ కొడుతున్నావనుకున్నాను. పట్టుకుందామని పెట్టాను. ఆ ఫోనులో నా ఖాతా ఉండిపోయిందని నాకు తెలీదు. నేను నీకేమీ పంపలేదు."

రమణి కాళ్లు ఆగిపోయాయి. తన భుజం మీది చెయ్యి రమణి తీసేస్తుందేమోనని రత్నాలు చూసింది. రమణి తీయలేదు. నవ్వనూ లేదు. కొండ మీద మబ్బు ఇంకొంచెం కిందికి దిగింది. రమణి దాని వైపు చూసి, "మట్టి గట్టిపడతన్నాది, తొక్కండక్కా" అంది. మళ్లీ తొక్కారు. సాయంత్రం దాకా ఆమె ఇంక పెద్దగా మాట్లాడలేదు. నునుపు రాయి కావాల్సి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి చాపింది, రత్నాలు అందించింది.

నాలుగు దాటేసరికి గోడ లేచింది. ఏడు గూళ్లలో ఆరు సోములమ్మ చెప్పినట్టు గుండ్రంగా వచ్చాయి. ఏడోది రత్నాలుది, కొంచెం వంకర. చివరిగా తెల్లసుద్దలో వేలు ముంచి సోములమ్మే గీతలు గీసింది. మోకాళ్ల మీద నిలబడలేక మొద్దు జరుపుకుంటూ జరుపుకుంటూ గీసింది. తడి గోడ మీద ఆ గీతలు వెలుగుతున్నాయి. ఫోనులో కన్నా బాగుంది. ఎంత బాగుందంటే, పొద్దుటినుంచి ఒళ్లు హూనమైనా, రత్నాలు గుండెలో పాత మంట మళ్లీ చిటుక్కుమంది. ఇది నా ఇంట్లో ఉండాల్సింది కదా అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడలేదు, అలసిపోయింది అంతే.

రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. ఫల్గుణ టార్పాలిన్ తెచ్చి గోడ మీదకి దించాడు. సోములమ్మ కష్టం మీద లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి, రత్నాలు చేతుల మీద తనే పోసింది. మట్టి మోచేతుల నుంచి కారి వాకిట్లోకి పోయింది.

"పదిహేడేళ్లు పట్టినాది నీకు రోడ్డు దాటడానికి" అంది.

సోములమ్మ చెంబులో మిగిలిన నీళ్లు కూడా ఆమె చేతుల మీద ఒంపేసి, చెంబు బోర్లించి గడప పక్కన పెట్టింది.

"నా రోజు నాకొచ్చేసినాది. ఇంక నీ కాడ నాకు రావలసిందేటీ లేదు."